పాకం దగ్గర కూర్చోకూడదు

మొన్న తాడేపల్లిగూడెంలో మా వీధి చివరి డాక్టరు దగ్గరకు కుంటుకుంటూ వెళ్లాను. కుర్రవాడు, నా మనవడి ఈడు. నాలుగు నెలలుగా పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి కుడి మడమలో తుమ్మముల్లు దిగినట్టు ఉంటోంది. పదడుగులు నడిచాక కాస్త సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ మొదలు. అతను మడమను బొటనవేలితో ఒక చోట నొక్కాడు. నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. “ఇదేనండి” అని నవ్వాడు. కాగితం మీద పెద్దగా ఏమీ రాయలేదు. “మెత్తటి రబ్బరు చెప్పులు కొనుక్కోండి. ఇంట్లో కూడా వట్టికాళ్లతో నడవకండి. ఎక్కువసేపు నిలబడకండి. కూర్చుని చేసుకోగలిగిన పని కూర్చునే చేసుకోండి” అన్నాడు. “అంతేనా?” అన్నాను. “అంతేనండి. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ నొప్పి ఉండేదాండి?” అని అడిగాడు. లేదన్నాను. ఎందుకలా అన్నానో మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ ఆలోచించుకుంటే సిగ్గేసింది. యాభై ఏళ్లుగా వేదికలెక్కి, నిజం చెప్పండని జనాన్ని గద్దించిన నోరు ఇది.

ఉండేది. మా అత్తయ్య కామాక్షమ్మకు ఉండేది. ఆవిడ మా నాన్నగారి అక్క. పన్నెండో ఏట భర్త పోతే, గుండు చేయించి, తెల్లచీర కట్టించి, ఏలూరులో పుట్టింటి వంటగదిలో పెట్టారు. నేను హైస్కూలు చదువుకోసం ఆ ఇంటికి చేరేనాటికి ఆవిడకు యాభై దగ్గరపడుతున్నాయి. కామవరపుకోటలో బడిపంతులుగా ఉండే మా నాన్నగారు నన్ను బస్సు దింపి, “అత్తయ్య చెప్పినట్టు వినరా” అని వెళ్లిపోయారు. ఆ ఇంట్లో అత్తయ్య చెప్పినట్టు వినేవాళ్లు ఎవరూ లేరని నాకు రెండు రోజుల్లోనే తెలిసింది. అక్కడ చెప్పేది మా తాతగారు ఒక్కరే.

తాతగారు వైద్యులు. కాలవకు రెండు వీధుల అవతల ఆ పెంకుటింటి అరుగు తెల్లవారేసరికి నిండిపోయేది. కీళ్లవాతానికీ, నడుంనొప్పికీ కూడా వచ్చేవారు కానీ ఆయన పేరు మోగింది మడమ నొప్పికి. కొల్లేటి లంకల నుంచి, తణుకు నుంచి, పైన జంగారెడ్డిగూడెం నుంచి బండ్ల మీద వచ్చేవారు. ఆయన ఖద్దరు తప్ప కట్టరు, నశ్యం తప్ప వ్యసనం లేదు, బయటివాళ్లనెవరినీ ఏకవచనంలో పిలవరు. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా కాళ్లకు పావుకోళ్లు. రాతి నేల మీద ఆ చెక్క చప్పుడు దగ్గరకొస్తుంటే ఇంట్లో మాటలు ఆగిపోయేవి. డెబ్బై దాటినా ఆయన మడమ ఒక్కనాడు నొప్పెట్టినట్టు నేను వినలేదు. పావుకోళ్లు చెక్కవి కాబట్టి మడికి పనికొస్తాయి, తోలుచెప్పులు పనికిరావు. ఇంటిల్లిపాదిలో పావుకోళ్లు తొడుక్కునే హక్కు ఆయనకే. విధవరాలు అవి తొడుక్కుని ఇంట్లో టకటకలాడించడం ఎవరి ఊహకూ అందని విషయం. నా ఊహకు కూడా.

ఆ వైద్యం ఎలా ఉండేదో చెబుతాను. నేను దాన్ని నిందిస్తూ చాలా రాశాను కాబట్టి న్యాయంగానే చెబుతాను. మొదట ఇటుక కాపడం. ఇటుకను బొగ్గుల్లో వేడెక్కించి, దాని మీద పులిసిన గంజి, అదే తరవాణి, చిలకరించి, జిల్లేడాకులు నాలుగు పొరలు పరిచి, ఆ ఆకుల మీద మడమ ఆనించమనేవారు. ఆవిరి మడమకు పట్టేది. నిజంగానే హాయిగా ఉండేది, రోగుల మొహాలు చూస్తే తెలిసేది. దానికి లొంగకపోతే జలగలు. వీరాస్వామి అని కొల్లేటి మనిషి, మోకాలిలోతు నీళ్లలో గంటసేపు నిలబడి, తన పిక్కలకు పట్టుకున్న జలగలను ఉప్పు వేయకుండా ఓపిగ్గా ఊడదీసి, కుండలో వేసుకుని నెలకు రెండుసార్లు వచ్చేవాడు. అన్నిటికీ తోడు తైలం. నువ్వులనూనె, వావిలాకు రసం, ఆవుపాలు, ఇంకా ఏవేవో వేళ్లు నూరిన ముద్ద. ఇవేవీ పనిచేయకపోతే చివరిది శలాక. గురిగింజంత మొన ఉన్న లోహపు పుల్ల. దాన్ని నిప్పుల్లో ఎర్రగా కాల్చి, నొప్పి ఉన్న చోట చుక్కలు పెట్టడం. పెద్దింటివాళ్లకు శలాక పెట్టడం నేను చూడలేదు. వాళ్లకు ఇటుకతోనే తగ్గిపోయేది, ఎందుకంటే ఇటుకతో పాటు తాతగారు ఇంకో మందు ఇచ్చేవారు, విశ్రాంతి.

ఆ తైలం చేసేది మా అత్తయ్య. పెరటి వసారాలో గాడిపొయ్యి మీద పెద్ద ఇత్తడి బాణలి పెట్టి, తడిబట్టతో నిలబడి, మనిషెత్తు తెడ్డుతో కలపాలి. తెల్లవారకముందే మొదలుపెడితే మధ్యాహ్నం దాటేది. అడుగంటకూడదు, తెడ్డు ఆగకూడదు. ముద్దను కాస్త తీసి వేళ్ల మధ్య వత్తిలా చేసి నిప్పులో వేస్తే చిటపటమనకుండా కాలాలి, అప్పుడు పాకం వచ్చినట్టు. ఆ వత్తి పరీక్ష ఒక్కటే తాతగారు వచ్చి చేసేవారు. మిగతాదంతా ఆవిడది. ఇంకో నియమం ఉంది. పాకం వచ్చేదాకా కలిపేవాళ్లు కూర్చోకూడదు. కూర్చుంటే తైలంలో గుణం దిగిపోతుందట. ఆవిడకు బహిష్టులు ఆగిపోయిన ఏడు తాతగారు ఎంతో సంతోషించారని మా అమ్మ తరవాతెప్పుడో చెప్పింది. నెలలో ఏ రోజు పాకం పెట్టినా తెడ్డు పట్టే మడి మనిషి దొరికిందని. అలా జిల్లా మడమలన్నిటికీ మందు కలుపుతూ రాతిపలక మీద నిలబడి నిలబడి ఆవిడ మడమలు పోయాయి. పొద్దున్నే ఆవిడ గోడ పట్టుకుని మునివేళ్ల మీద బావి దగ్గరకు నడవడం నేను రోజూ చూసేవాణ్ణి. దాన్ని మడిగా నడవడం అనుకునేవాణ్ణి.

ఒకరోజు కొల్లేటి గట్టు నుంచి ఒక కామందుగారు వచ్చారు. తాతగారు ఆయన మడమ నొక్కి చూసి, “ఏవండీ, ఇరవై ఒక్క రోజులు కాలు నేలమీద మోపకండి. మీ పనులు చూడ్డానికి పాలేళ్లు లేరా ఏమిటి? మనిషి బరువే దీనికి శత్రువండి. కూర్చోబెడితే సగం రోగం అదే పోతుంది” అన్నారు. వసారాలో తెడ్డు తిప్పుతున్న అత్తయ్య ఆ మాట విన్నది. బండి కదిలాక తెడ్డు నా చేతికిచ్చి గుమ్మం దాకా వచ్చి, ముసుగు సర్దుకుని అడిగింది.

“నాన్నా, నాకూ అదేగా నొప్పి. నేనూ ఓ వారం కూర్చోనా?”

తాతగారు నశ్యం పీల్చి చేతులు దులుపుకున్నారు. “నీకు పాలేళ్లు ఉన్నారటే కామాక్షీ?”

“వారం వద్దు. పాకం రోజు మాత్రం. కూర్చుని కలుపుతాను.”

“కూర్చుని కలిపిన తైలం దీపంలోకి పోసుకోవాలి. సరే, అంత బాధగా ఉంటే శలాక పెడతాను. పొద్దున్న పెడితే మధ్యాహ్నానికి నీ పని నువ్వు చేసుకోవచ్చు.”

మర్నాడు పెట్టారు. నాకప్పుడు పదహారేళ్లు, చేతుల్లో బలం ఉంది. “చీలమండ గట్టిగా పట్టుకోరా సూర్యం. కదిలిందంటే చోటు తప్పుతుంది, మళ్లీ పెట్టాలి” అన్నారు తాతగారు. ఒక్కో మడమకు మూడేసి చుక్కలు. ఆవిడ పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. చర్మం కాలిన వాసన, ఆ వెంటనే పూసిన నెయ్యి కరిగిన వాసన కలిసి, ఏదో వంటింటి వాసనలా వచ్చింది. నాకు ఆకలి వేసింది. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. కలబంద గుజ్జు వేసి గుడ్డ కట్టారు. మధ్యాహ్నానికి ఆవిడ వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

ఆ సాయంత్రం నన్ను పిలిచి చెవిలో చెప్పింది. “ఒరే సూర్యం, నాకో ఎత్తు ముక్కాలిపీట చేయించి పెట్టరా. పక్కవీధి వడ్రంగితో చెప్పు. మీ తాతయ్య అరుగు మీద ఉన్నంతసేపు కూర్చుంటాను. పావుకోళ్ల చప్పుడు వినపడగానే లేచి నిలబడతాను. ఆయనకెలా తెలుస్తుంది?”

నేను నవ్వాను. అప్పటికి నేను పఠనాలయంలో ఆదివారపు వాదసభల్లో పేరు తెచ్చుకుంటున్నవాణ్ణి. మా లెక్కల మాస్టారు, మిషను బడిలో చదివి పైకొచ్చిన క్రైస్తవుడు, నాకు హేతువాదం నూరిపోశారు. “పీట చాటుగా వేసుకోవడమేంటి అత్తయ్యా? ఈ మూఢత్వాన్ని మొదలంటా పెకలించాలి. నేను సభలో మాట్లాడతాను చూడు” అన్నాను.

“మాట్లాడుదువుగానిలే. ముందు పీట చేయించు” అంది.

చేయించలేదు. పీట అడగడం అంటే నియమాన్ని ఒప్పుకుని దాన్ని తప్పించుకోవడమే అని నాకు నేనే వాదించుకున్నాను. ఆ వాదం ఇప్పటికీ నాకు గట్టిదిగానే కనిపిస్తుంది. అదే దానిలో ఉన్న పాపం.

పదిహేను రోజులకు వీరాస్వామి జలగల కుండతో పెరట్లోకి వచ్చాడు. ఆవిడ నడక చూసి, ఏమీ అడగకుండా వెళ్లి, రెండోసారి వచ్చినప్పుడు తుంగతో మూడు పొరలుగా దట్టంగా అల్లిన చిన్న చాప తెచ్చాడు. “దీని మీద నిలబడండి అమ్మగారూ. మా ఆడోళ్లు చేపలు ఎండబెట్టేకాడ ఇట్టాంటిదే ఏసుకుంటారండి. కాళ్లు లాగవండి. ఆయ్, వాసనేమీ ఉండదండి, పచ్చి తుంగండి” అన్నాడు. అత్తయ్య దాన్ని బావి దగ్గర ఏడుసార్లు నీళ్లు పోసి తడిపి మడి చేసుకుంది. ఆ పాకం రోజు ఆవిడ కూనిరాగం తీయడం మొదటిసారి విన్నాను. వత్తి పరీక్షకు వచ్చిన తాతగారు కిందికి చూశారు. “ఎవరి చేతులు ముట్టుకున్నదే ఇది?” అన్నారు. జవాబు కోసం ఆగలేదు. పావుకోడు మొనతో చాపను ఆవిడ కాళ్ల కిందనుంచి లాగి గాడిపొయ్యిలోకి నెట్టారు. పచ్చిది కావడంతో వెంటనే అంటుకోలేదు, చాలాసేపు పొగ వచ్చింది. చేయి చాపితే తీసేయగలిగినంత దగ్గర నేను నిలబడి ఉన్నాను. తీయలేదు. ఈ ఉదాహరణ సభలో బ్రహ్మాండంగా పనికొస్తుందని అనుకుంటూ, ఆ పొగను ఏ మాటలతో వర్ణించాలో వెతుక్కుంటున్నాను.

సభ విషయం, దేశవాళీ వైద్యమా, సీమ వైద్యమా అని. స్వరాజ్యం మాట గాలిలో ఉన్న రోజులు. దేశవాళీ పక్షాన మాట్లాడటానికి తాతగారినే పిలిచారు. ఎదుటి పక్షం నేను. తాతా మనవళ్ల పోటీ అని ఊళ్లో వేడుకగా చెప్పుకున్నారు. నేను పద్నాలుగు పేజీలు రాసుకున్నాను. అది చాలదనిపించి అత్తయ్యను సాక్ష్యంగా తీసుకెళ్లాలనుకున్నాను. మాస్టారికి చెబితే ఆయన ఒక్కటే అడిగారు. “ఆవిణ్ణి అడిగావా?” అడిగానండీ అన్నాను. అడగలేదు. పఠనాలయంలో హరికథ ఉందని చెప్పి జట్కాలో ఎక్కించాను. ఏళ్ల తరబడి ఆ వీధి దాటని మనిషి, కాలవ మీద వంతెన ఎక్కేటప్పుడు జట్కా కమ్మీ పట్టుకుని నీళ్లకేసి చూసి, “ఎన్ని నీళ్లొచ్చాయిరా” అంది.

తాతగారు బాగా మాట్లాడారు. మెత్తగా, నవ్వించి, శ్లోకం చెప్పి, అర్థం చెప్పి మాట్లాడారు. నేను ఓడిపోతున్నానని పది నిమిషాల్లో అర్థమైంది. అప్పుడు ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న అత్తయ్యను చేయి పట్టుకుని వేదిక మీదికి తెచ్చాను. హరికథ మొదలవుతుందేమోనన్నట్టు వచ్చింది ఆవిడ. సభికుల వైపు వీపు పెట్టి నిలబెట్టి, చీర అంచు రెండు జానలు పైకెత్తి, “చూడండి మీ ప్రాచీన విజ్ఞానం” అన్నాను. ఎడమ మడమ మీది చుక్కలు ఇంకా మానలేదు, రసి కారుతోంది. అత్తయ్యకున్నవి రెండు చేతులు. చీర అంచు దించుకోవాలంటే ముసుగు వదలాలి, వదిలితే గుండు కనబడుతుంది. ఆవిడ ముసుగునే రెండు చేతులతో పట్టుకుంది. మడమలు మాకు వదిలేసింది. వెనక బెంచీల్లో మా కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. నేను తుంగచాప కథ ఎత్తుకోబోయాను.

తాతగారు లేచారు. కోపం లేదు. “అమ్మా కామాక్షీ, వీడి మాటా నా మాటా ఎందుకు, సభవారికి నువ్వే చెప్పమ్మా. నొప్పి తగ్గిందా, లేదా?” ఆయన ఆవిణ్ణి అమ్మా అనడం నేను అంతకు ముందు వినలేదు.

“తగ్గింది నాన్నా” అంది అత్తయ్య, గోడకేసి.

“వెనక్కి వినపళ్లేదండీ, కాస్త గట్టిగా చెప్పమనండి” అని ఎవరో అరిచారు. మళ్లీ గట్టిగా చెప్పింది. “మనవడుగారూ, తమరు కూడా ఓ చుక్క పెట్టించుకోండి, నోటి మీద” అన్నారు ఇంకెవరో. హాలంతా నవ్వింది. ఆవిడ వేదిక దిగి, జట్కా దాకా కుంటకుండా నడిచింది. ఆ నడక ఎంత ఖరీదైనదో మడమ నొప్పి వచ్చిన నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఇంటికొచ్చాక వంటింటి గుమ్మంలో నిలబడి, “అబద్ధం ఎందుకు చెప్పావు?” అని గద్దించాను. ఓడిపోయిన ఉక్రోషంలో ఉన్నాను.

“నిజం చెబితే నువ్వు గెలుస్తావు” అంది, బియ్యంలో రాళ్లు ఏరుతూ. “గెలిచి నువ్వు కాలేజీకి పోతావు. నేనెక్కడికి పోవాలిరా, మీ సభలోకా? అక్కడ పొయ్యి ఉందా?” ఇంకో రాయి ఏరి పారేసి, “హరికథ అని చెప్పావు” అంది. ఆ తరవాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

నా వాదసభ వల్ల జరిగిన మేలు ఇది. సభలో కూతురే సాక్ష్యం చెప్పిందని తాతగారి పేరు కృష్ణా జిల్లా దాకా పాకింది. రోగులు రెండింతలయ్యారు. వారానికి ఒకసారి ఉండే పాకం మూడుసార్లయింది. అంటే మూడు రోజులు తెల్లవారుజాము నుంచి ఆ రాతిపలక. పైగా ఆవిడ ఇక నొప్పి అనడానికి వీల్లేదు, తగ్గిందని ఊరికి చెప్పింది కదా. శలాక అంటే జంకే రోగి వస్తే తాతగారు లోపలికి కేకేసేవారు. “అమ్మా కామాక్షీ, ఇలా ఓసారి వచ్చి నడిచి చూపించు.” ఆవిడ తెడ్డు నాకిచ్చి, అరుగు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి, మడమలు పూర్తిగా ఆనించి నడిచేది. రోగి చేతులు జోడించేవాడు. తిరిగొచ్చి నా చేతిలోంచి తెడ్డు తీసుకునేటప్పుడు ఆవిడ మొహం వైపు చూసే ధైర్యం నాకు ఉండేది కాదు.

తరవాతి కాలంలో తాతగారి పుస్తకాలన్నీ నేను చదివాను, తిట్టడానికే చదివాను. పాదరక్షలు తొడుక్కోవాలని వాటిలో ఉంది. పాదాలకు నూనె రాసి పిసకాలని ఉంది. శ్రమ మాన్పించాలని ఉంది. కూర్చుని కలిపితే తైలం చెడుతుందని నాకు ఎక్కడా కనబడలేదు. ఆ కుర్ర డాక్టరు చెప్పిన నాలుగు మాటలూ తాతగారికి తెలుసు. కామందుగారికి చెప్పారు కూడా. ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నదే ఆయన వైద్యం. నేను యాభై ఏళ్లు ఆ పుస్తకాల మీద యుద్ధం చేశాను. ఇవాళ ఈ ఊళ్లోనే ప్రాచీన చికిత్సలని బోర్డులు చూస్తే నా చేయి కలం కోసం వెతుకుతుంది. కానీ ఈమధ్య ఇంకో సంగతి కూడా చూస్తున్నాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి వాకిట్లోనే చెప్పులు విడిచి, గచ్చు మీద వట్టికాళ్లతో రెండు గంటలు నిలబడి గిన్నెలు తోముతుంది. అలా విడవాలని ఆ పిల్లకు ఏ గ్రంథం చెప్పింది? మూడేళ్లుగా నేను చూస్తూనే ఉన్నాను. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తూ చూస్తున్నాను.

వానలు పడేనాటికి అత్తయ్య ఎడమ మడమకు చీము పట్టి, పుండు లోపలిదాకా తినేసింది. ఒక పాకం రోజున, వత్తి పరీక్షకు ఇంకా గంట ఉందనగా, కాలు నిలవక పొయ్యి పక్కన పడిపోయింది. తెడ్డు చేయి జారి పక్కకు పడింది. నేను ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టేలోపు తైలం మాడి, నల్లటి పొగ ఇల్లంతా కమ్మింది. అరుగు మీది రోగులు లేచి నిలబడ్డారు. తాతగారు వచ్చి ముందు బాణలిలోకి చూశారు, తరవాత ఆవిడ వైపు. మధ్యాహ్నం భోజనం కాకముందే పక్కవీధి వడ్రంగిని పిలిపించారు. తెడ్డు పొడుగు చూపించి, బాణలి ఎత్తు చూపించి, “దీనికి సరిపడా ముక్కాలిపీట కావాలండి. సాయంత్రానికల్లా” అన్నారు. కూర్చోకూడదన్న నియమం సంగతి నేనే అడిగాను. ఆయన నశ్యం పీల్చి, “ఎత్తు మీద కూర్చుంటే నిలబడ్డట్టే లెక్క” అన్నారు. ఏ శ్లోకమూ చెప్పలేదు.

మర్నాడు కొత్త చెక్క వాసన వేస్తున్న ఆ పీట మీద అత్తయ్యను నేనే ఎత్తి కూర్చోబెట్టాను. ఎడమ కాలికి గుడ్డ చుట్టి ఉంది. ఆ కాలితో ఆవిడ మళ్లీ నేల తొక్కలేదు. పీట ఎత్తు కావడంతో రెండు పాదాలూ నేలకు జానెడు పైన వేలాడుతున్నాయి. ఆవిడ తెడ్డు అందుకుని, ఒక చుట్టు తిప్పి, ఆపి, తన పాదాల వైపు వంగి చూసుకుంది.

“వడ్రంగికి ఎంతసేపు పట్టిందిరా?”

“ఒక పూట, అత్తయ్యా.”

ఆవిడ తల ఊపింది. మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. “ఆ కట్టె కాస్త లోపలికి తొయ్యి, మంట తగ్గింది” అంది. తోశాను. ఆ రోజు తైలం ఎప్పటిలాగే కుదిరింది. రోగులెవరూ తేడా కనిపెట్టలేదు.